బ్రాడీపేట, గుంటూరు

బ్రాడీపేట గుంటూరు నగరంలోని ఒక పేట. రైలుకట్టకు ఒక పక్క పాతగుంటూరు, పట్నంబజారు, కొత్తపేట ఉంటే, రెండో పక్క అరండల్‌పేటను ఆనుకొని ఇది ఉంటుంది. రెండూ బ్రిటిషు దొరల పేర్లు మోస్తున్న పేటలే. దీనికి విడిగా ఊరి హోదా ఏమీ లేదు, నగరపాలక సంస్థలో ఒక ముక్క, అంతే. అయినా గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పల్లెల్లో "పిల్లల్ని గుంటూరులో ఉంచి చదివిస్తన్నాం" అన్నవాళ్ల మాటకు చాలాసార్లు అసలు చిరునామా ఇదే. నల్లరేగడిలో పండిన పత్తి, పొగాకు, మిరప డబ్బు ఇక్కడికొచ్చి ఫీజుగా, అద్దెగా, వకీలు ఖర్చుగా, డాక్టరు బిల్లుగా మారుతుంది. అందుకే బ్రాడీపేట గురించి చెప్పబూనితే గుంటూరు గురించి, దాని చుట్టూ ఉన్న మైదానం గురించి చెప్పక తప్పదు.

నేల, నీరు, ఎండ

గుంటూరు సముద్రమట్టానికి ముప్పై మీటర్లకు అటూ ఇటూ ఎత్తున ఉంది. బంగాళాఖాతం అరవై కిలోమీటర్ల దూరం. విజయవాడ ముప్పై అయిదు కిలోమీటర్లు, తెనాలి పాతిక. ఊళ్లో నది లేదు. కృష్ణ ఉత్తరంగా, తూర్పుగా చుట్టి పోతుంది తప్ప గుంటూరు గడప తొక్కదు. ఉన్నదల్లా పీకలవాగు. ఎండాకాలంలో మురుగుకాలవ, వానాకాలంలో రోడ్ల మీదికి వచ్చే అతిథి. నల్లచెరువు పేరు ఇవాళ ఇళ్ల మధ్య ఒక పేటకు మిగిలింది.

ఈ ఊరు రెండు నేలల సరిహద్దు మీద కూర్చుంది. తూర్పుకు పోతే తెనాలి, రేపల్లె వైపు కాలవల కింద వరి మాగాణి. పడమరకు, దక్షిణానికి పోతే నల్లరేగడి మెట్ట. ప్రత్తిపాడు, చిలకలూరిపేట, పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు మీదుగా ఒంగోలు దాకా ఆ నలుపు సాగుతుంది. వాన పడితే చెప్పు ఊడదీసుకునే మట్టి, ఎండితే చెయ్యి దూరేంత బీటలు విచ్చే మట్టి. తేమను లోపల దాచుకునే గుణం ఉండబట్టే కాలవ లేని రోజుల్లో కూడా పత్తి, మిరప, పొగాకు దీనిమీద నిలబడ్డాయి. వరి ఊళ్ల రైతుకూ మెట్ట ఊళ్ల రైతుకూ తేడా ఉంది. వరి రైతుకు కరువొచ్చినా తిండిగింజలుంటాయి. మెట్ట రైతు పండించింది అమ్ముకుంటేనే అన్నం. గుంటూరు బజారును బజారుగా పెంచింది ఈ రెండో రైతే.

ఎండల సంగతి చెప్పనక్కర లేదు. రోహిణి కార్తెలో నలభై అయిదు డిగ్రీల దాకా పోతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ వానలిస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం భయం ఎటూ ఉండేదే.

లైన్లు, అడ్డరోడ్లు

పాతగుంటూరు సందులు ఎటు తిరిగి ఎటు తేలతాయో అక్కడ పుట్టినవాళ్లకే తెలియాలి. బ్రాడీపేట అలా కాదు. దారంపట్టి కొట్టినట్టు లైన్లు, వాటిని కోస్తూ అడ్డరోడ్లు. చిరునామా అంతా ఒక భిన్నంలో ఇమిడిపోతుంది: 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. రిక్షా రోజుల నుంచి ఆటోల దాకా "నాలుగు బై పద్నాలుగు" అంటే చాలు, మలుపు అడగకుండా తీసుకుపోయి దింపుతారు. అరండల్‌పేటదీ ఇదే లెక్క. వీధికి పేరు బదులు అంకె పెట్టే పద్ధతిని అమెరికాలో 1682లో విలియం పెన్ ఫిలడెల్ఫియా గీయించినప్పుడే వాడారు. తర్వాత ఆ దేశపు చిన్న పట్టణాలు చాలా ఆ గడుల మీదే లేచాయి. గుంటూరు గడులకూ ఫిలడెల్ఫియాకూ చుట్టరికం ఏమీ లేదు గానీ, ఆ ఊరి మనిషి ఒకరు ఈ ఊరికి రావడం మాత్రం నిజంగా జరిగింది. ఆ కథ కింద వస్తుంది.

పాత ఊరినీ ఈ పేటలనూ విడదీసేది రైలుకట్ట. బళ్లారి వైపు నుంచి కృష్ణ ఒడ్డుకు వేసిన మీటరుగేజి దారి 1890 ప్రాంతంలో గుంటూరును తాకింది. అప్పటి నుంచి ఈ కట్టను దాటడమే ఊరికి నిత్య సమస్య. శంకర్‌విలాస్ దగ్గరి ఓవర్‌బ్రిడ్జి 1950ల్లో కట్టింది. శంకర్‌విలాస్ ఒక హోటలు. కాఫీ తాగినవాళ్లూ తాగనివాళ్లూ కూడా ఆ కూడలికి ఆ పేరే పెట్టుకున్నారు. వంతెనకు అటు పక్క పెద్దాసుపత్రి, ఏసీ కాలేజీ. ఇటు పక్క ఈ రెండు పేటలు. నగరం అయిదు రెట్లు పెరిగినా వంతెన వెడల్పు పెరగలేదు. కంకరగుంట దగ్గర మరో దారి ఉంది. డొంకరోడ్డు మీద 'మూడు వంతెనలు' అనే చోట రైలు కిందినుంచి పోవచ్చు, వాన పడనంత వరకు. పడ్డాక మోకాలి లోతు నీళ్లలో బండి నెట్టుకోవాలి. శంకర్‌విలాస్ దగ్గర పాతది తీసేసి కొత్త వంతెన కట్టే పని 2025లో మొదలైంది.

ఇళ్ల తీరు కూడా మారింది. ఒకప్పుడు వకీళ్లు, గుమాస్తాలు, అయ్యవార్లు కట్టుకున్న మిద్దెలు, పెంకుటిళ్లు, ముందు అరుగు, వెనక బావి. వాటిల్లో చాలావాటి స్థానంలో ఇప్పుడు నాలుగైదు అంతస్తుల అపార్టుమెంట్లు లేచాయి. కింద మెడికల్ షాపు, జిరాక్సు, పైన హాస్టలు. కమ్యూనిస్టు పార్టీలకూ ఉపాధ్యాయ సంఘాలకూ ఈ లైన్లలోనే ఆఫీసులున్నాయి. గుంటూరులో ధర్నాకు పోయేవాళ్లు, పరీక్షకు పోయేవాళ్లు, కోర్టుకు పోయేవాళ్లు ఒకే బడ్డీ దగ్గర టీ తాగుతుంటారు.

గర్తపురి నుంచి జిల్లా కేంద్రం దాకా

ఈ నేల చరిత్ర ముందు, గుంటూరు ఊరి చరిత్ర తర్వాత. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతుకరండాల మీది రాతలు క్రీస్తుకు పూర్వపువి. అమరావతి పక్కన ధాన్యకటకం శాతవాహనుల నాటి పట్టణం. గుంటూరుకు పడమర కొండవీడు రెడ్డిరాజుల రాజధాని. వీటి మధ్య గుంటూరు చాలాకాలం ఒక మామూలు ఊరు. తూర్పు చాళుక్య రాజు మొదటి అమ్మరాజు (922–929) కాలపు శాసనాల్లో ఊరి పేరు కనబడుతుంది. పాతగుంటూరు వైపున్న అగస్త్యేశ్వరాలయం శాసనాల్లో గర్తపురి అని ఉంది.

పట్టణంగా దీన్ని నిలబెట్టింది పద్దెనిమిదో శతాబ్దపు యుద్ధాలు. 1750ల్లో నిజాం కొండవీటి సీమను ఫ్రెంచివాళ్లకిచ్చాడు. వాళ్లు కొండ కోటను వదిలి మైదానంలో గుంటూరును స్థావరం చేసుకున్నారు. తర్వాత ఉత్తర సర్కారులన్నీ ఈస్టిండియా కంపెనీకి పోయినా గుంటూరు సర్కారు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ కింద మిగిలింది. ఆయన 1782లో చనిపోయాడు, 1788లో ఇది కూడా కంపెనీ చేతికి వచ్చింది. 1794లో జిల్లా ఏర్పడింది, 1859లో రద్దయింది, 1904 అక్టోబరు 1న మళ్లీ ఏర్పడింది. పురపాలక సంఘం మాత్రం జిల్లా లేని కాలంలోనే, 1866లో వచ్చింది.

ఈ లెక్కల మధ్య ఒక సంవత్సరం విడిగా చెప్పుకోవాలి. 1832–33. తెలుగు సంవత్సరం నందన కాబట్టి నందన కరువన్నారు, డొక్కల కరువన్నారు. వానలు తప్పాయి, శిస్తు వసూలు ఆగలేదు, గింజలు తెచ్చే దారి లేదు. అయిదు లక్షల జనాభా ఉన్న గుంటూరు జిల్లాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చచ్చిపోయారని ప్రభుత్వ అంచనా. పశువుల సంగతి వేరే. రోడ్ల పక్కన ఎముకలు కుప్పలుగా పడి ఉన్నాయని అప్పటి వాళ్లు రాసిపెట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత విజయవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట (1852–55) లేచిందంటే దాని వెనక ఈ కరువు భయం ఉంది, పోగొట్టుకున్న శిస్తు మీద బెంగా ఉంది. ఏది ఎంత అనేది కంపెనీ లెక్కల పుస్తకాలకే తెలియాలి.

ఆనకట్ట నీళ్లు తూర్పు ఊళ్లకే అందాయి. పడమటి మెట్టకు నీరు రావడానికి మరో వందేళ్లు పట్టింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ కుడి కాలవ వచ్చాకే పల్నాడు, నరసరావుపేట, ప్రకాశం మెట్టల్లో పంటల తీరు మారింది.

స్వాతంత్ర్యోద్యమంలో గుంటూరు ముందు వరసలో ఉంది. పాతగుంటూరులో 1866లో పుట్టిన కొండా వెంకటప్పయ్య ప్లీడరు. బందరులో ఉండగా 1902లో కృష్ణాపత్రిక మొదలుపెట్టినవాళ్లలో ఒకడు. ఆంధ్ర రాష్ట్రం కావాలన్న ఆలోచన ఈ జిల్లా యువకుల మధ్య రగిలి, 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభగా బయటపడింది. 1921–22లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పన్ను కట్టడం మానేశారు. అదే కాలంలో చీరాల–పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య జనాన్ని ఊరు ఖాళీ చేయించాడు. పల్నాట పుల్లరి, అంటే అడవిలో పశువుల మేతకు పన్ను, కట్టనన్న కన్నెగంటి హనుమంతును పోలీసులు కాల్చి చంపారు. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో కూర్చుని 'మాలపల్లి' రాశాడు, బయట ఆడపిల్లల చదువు కోసం గుంటూరులో 1922లో శారదా నికేతనం పెట్టాడు.

ఇంకొక సంగతి ఇప్పటి గుంటూరు పిల్లలకు చెబితే నమ్మరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరు. 1954 జులైలో మొదలై 1956 చివర హైదరాబాదుకు తరలిపోయేదాకా రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం ఇక్కడే నడిచింది. కోకా సుబ్బారావు మొదటి ప్రధాన న్యాయమూర్తి. ఆ రెండేళ్లకే బ్రాడీపేట అద్దెలు పెరిగాయని పాతతరం చెప్పుకునేది.

అమెరికా నుంచి వచ్చినవాళ్లు

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ జర్మనీలో పుట్టి, పద్నాలుగేళ్ల వయసులో ఫిలడెల్ఫియా చేరి, లూథరన్ బోధకుడయ్యాడు. కలెక్టరు హెన్రీ స్టోక్స్ రమ్మంటే 1842 జులై 31న గుంటూరులో దిగాడు. అప్పటికి ఆయన వయసు నలభై తొమ్మిది. డొక్కల కరువు పోయి తొమ్మిదేళ్లే అయింది. ఆయన బడులు పెట్టాడు, గురజాల దాకా పోయి పల్నాట పనిచేశాడు, మధ్యలో అమెరికా వెళ్లి వైద్యం చదువుకొని వచ్చాడు. డెబ్భై దాటాక మరోసారి రాజమండ్రికి తిరిగొచ్చిన మొండి మనిషి.

మిషన్ పెట్టిన బడి 1885లో కాలేజీ అయింది, 1926లో ఆంధ్ర క్రైస్తవ కళాశాల. జనం నోట ఏసీ కాలేజీ. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి ఇక్కడ పాఠం చెప్పాడు. ఎన్.టి. రామారావు, కొంగర జగ్గయ్య ఇక్కడి విద్యార్థులు. పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్ నుంచి 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్లకు, పిల్లలకు ఆసుపత్రి కట్టింది. మగ డాక్టరు చెయ్యి పట్టుకొని నాడి చూడడమే తప్పుగా ఉన్న రోజులవి. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూసింది. ఆ ఆసుపత్రి ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రే. ఆంధ్ర ఇవాంజలికల్ లూథరన్ చర్చి 1927లో ఏర్పడింది, కేంద్రం గుంటూరు.

మత ప్రచారం కోసమే వచ్చారు, అది దాచిన సంగతి కాదు. కానీ ఊరి వెలుపల వాడల్లో ఉన్నవాళ్లకు పలక పట్టించిన మొదటి బడి చాలాచోట్ల ఈ మిషన్‌దే. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశాడు. క్రైస్తవులు ఆయన హిందూ పురాణాలు రాస్తున్నాడన్నారు, హిందువులు కులం అడిగారు. 1971లో ఆయన పోయిందీ గుంటూరులోనే.

పత్తి, పొగాకు, మిరప

గుంటూరు ధనం మూడు పంటల ధనం. వరస కూడా అదే.

పత్తి పాతది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి పత్తి కాకినాడ రేవు మీదుగా పోయి ఆ రేవు పేరుతోనే చెలామణి అయింది. అమెరికాలో అంతర్యుద్ధం (1861–65) వచ్చి లాంకషైర్ మిల్లులకు దూది ఆగిపోతే మన దేశపు పత్తి ధర ఆకాశానికెక్కింది, యుద్ధం ముగిశాక నేలకు దిగింది. దూరదేశపు సంగతితో ఇక్కడి రైతు బతుకు ముడిపడడం ఆనాడే మొదలైంది. 1970ల తర్వాత హైబ్రిడ్ పత్తి, మందుల డబ్బాలు వచ్చాయి. 1980ల మధ్యలో తెల్లదోమ వచ్చింది. కొట్టిన మందునే మళ్లీ కొట్టారు, దోమ చావలేదు, అప్పు పెరిగింది. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రంలో ఇలాంటి వరస మరణాలకు మొదటి వార్త. ఆ తర్వాత దశాబ్దంలో వరంగల్లు పేరు వినబడింది గానీ ఈ బాట వేసింది ఈ నల్లరేగడే.

పొగాకు ఇంగ్లీషువాళ్ల పంట. 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ (ఐఎల్‌టీడీ) కంపెనీ వచ్చింది, చీరాల, గుంటూరు దాని అడ్డాలు. 1920ల్లో వర్జీనియా రకం నాటారు. ఊళ్లలో ఆకు కాల్చే ఎత్తయిన బ్యారన్లు లేచాయి, పట్నంలో గ్రేడింగు కంపెనీలు. వాటిల్లో ఆకును రంగును బట్టి వేరుచేసే పనంతా ఆడవాళ్లదే. కాలక్రమంలో పంట నల్లరేగడి వదిలి ప్రకాశం, నెల్లూరు చల్క నేలలకూ, గోదావరి మెట్టకూ జరిగింది. కానీ 1976 జనవరి 1న పుట్టిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం మాత్రం గుంటూరులోనే ఉంది.

ఇక మిరప. పోర్చుగీసువాళ్లు తెచ్చిన కాయ ఇంత త్వరగా మన గోంగూర పచ్చట్లో దూరి, ఊరి పేరే తన ఇంటిపేరు చేసుకోవడం విచిత్రం. జులై, ఆగస్టులో నారు పోస్తారు. సంక్రాంతి ముందూ వెనకా కోతలు మొదలవుతాయి. కల్లంలో ఎర్రటి దుప్పటిలా ఆరబోస్తారు. రాత్రి మంచు పడితే కప్పాలి, పగలు తిరగేయాలి. తాలుకాయ ఏరేయాలి. నిమ్ము ఉంటే బూజు, మరీ ఎండితే తూకం పోతుంది. ఆ తర్వాతే టిక్కీ. నలభై కిలోలు దాటే గోనెబస్తాను ఇక్కడ టిక్కీ అంటారు.

మిరపయార్డు ఊరికి ఒక చివర ఉంది. ఆసియాలోకెల్లా పెద్దదని పేరు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెల్లవారేసరికి లారీలు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. కొత్తవాడు గేటు దాటగానే తుమ్ముతాడు, రెండో అడుగుకు కళ్లు తుడుచుకుంటాడు. హమాలీలు ముక్కుకు తువ్వాలు బిగించి మాట్లాడుకుంటూ టిక్కీలు మోస్తుంటారు, వాళ్లకు అది గాలే. కొనేవాడు వచ్చి బస్తా మూతి విప్పించి లోపలికి చెయ్యి జొనిపి గుప్పెడు తీస్తాడు. ఒక కాయ విరిచి గలగలలాడిందా లేదా వింటాడు, గింజ చూస్తాడు, రంగు అరచేతికి అంటిందా చూస్తాడు. తేజ, బ్యాడిగి, ఆర్మూరు, 334, సన్నం, ఒక్కోదానికి ఒక్కో ధర. 334 అనేది లాం ఫారంలో పుట్టిన రకం. గుంటూరు పక్కనున్న ఆ పరిశోధన కేంద్రం వేసిన వరస నంబరే బజారులో పేరైపోయింది. గుంటూరు సన్నానికి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఘాటెక్కువైన తేజ చైనాకు, థాయిలాండుకు, బంగ్లాదేశ్‌కు పోతుంది. ధర నచ్చని రైతు టిక్కీలను 'ఏసీలో' పెడతాడు. ఏసీ అంటే శీతల గిడ్డంగి. గుంటూరు చుట్టూ అవి వందకు పైనే ఉన్నాయి. ధర పెరిగితే బ్యాంకు అప్పు, అద్దె పోను మిగులుతుంది. పెరగకపోతే అద్దెకే సరి. మే నెల ఎండల్లో యార్డుకు సెలవులు.

ఈ పంట ఎవరినీ కుదురుగా ఉండనివ్వదు. 2021–22లో నల్ల తామరపురుగు పూతంతా నాకేసింది, చేలు చేలు దున్నేశారు. కాయ కరువై మరుసటేడు ధర పెరిగింది. ఆ ధర చూసి అందరూ వేశారు. 2025 మొదట్లో ధర పడిపోతే కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు ₹11,781 ప్రకటించాల్సి వచ్చింది. ఎకరం కౌలే వేలల్లో ఉన్న కౌలురైతుకు ఆ అంకె ఎంతవరకు అక్కరకొచ్చిందో పల్లెల్లోకి పోయి అడగాలి.

జనం

1901లో గుంటూరు జనాభా ముప్పై వేల పైచిలుకు. 1951కి లక్షా పాతిక వేలు. 2011కి ఆరున్నర లక్షలకు దగ్గర. పురపాలక సంఘం 1994లో నగరపాలక సంస్థ అయింది. 2012లో గోరంట్ల, నల్లపాడు, అడవితక్కెళ్లపాడు, బుడంపాడు, ఏటుకూరు మొదలైన పది ఊళ్లను కలుపుకొంది.

పేటల వారీగా చూస్తే ఎవరు ఎప్పుడొచ్చారో తెలుస్తుంది. పాతగుంటూరు, లాలాపేట వైపు ముస్లిం కుటుంబాలు తరతరాలవి. పట్నంబజారు వైశ్యుల వ్యాపారం. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో మొదట ప్లీడర్లు, ఉద్యోగులు, ఎక్కువగా బ్రాహ్మలు. తర్వాత కాలవ డబ్బు, పొగాకు డబ్బు చేతిలో ఉన్న కమ్మ, రెడ్డి రైతు కుటుంబాలు వచ్చి ఇళ్లు కొన్నాయి. లక్ష్మీపురం, బృందావన్ గార్డెన్స్, విద్యానగర్ ఆ తర్వాతి అంచెలు. మిషన్ ఆవరణల చుట్టూ దళిత క్రైస్తవుల పేటలు. మహాత్మాగాంధీ రోడ్డు మీద జిన్నా టవరు ఉంది. ఆరు స్తంభాల మీద గుమ్మటం, 1940లనాటిది. దేశ విభజన అయినా, పేరు మార్చమన్న గొడవ వచ్చినా కదల్లేదు. 2022 ఫిబ్రవరిలో మూడు రంగులు పూశారు, పేరు అలాగే ఉంచారు.

పంట డబ్బుతో వచ్చిన బలం పల్లెల్లో కులం బలంగా కూడా దిగింది. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో, 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో దళితుల మీద జరిగిన హత్యాకాండలు ఈ మైదానంలోనివే. రెండూ పేదరికపు మారుమూలల్లో కాదు, కాలవ నీరు పారే, చదువుకున్నవాళ్లున్న ఊళ్లలో జరిగాయి. ఇక్కడి సంపద గురించి మురిసిపోయే రాతలు ఈ రెండు తేదీలను దాటేస్తుంటాయి. దాటేయకూడదు. రాష్ట్రంలో దళిత ఉద్యమం కొత్త దారి పట్టింది వీటి తర్వాతే.

రాజకీయాలకు జిల్లా నుంచి మనుషులకు కొదవ లేదు. కాసు బ్రహ్మానందరెడ్డి, భవనం వెంకట్రామ్, నాదెండ్ల భాస్కరరావు, కొణిజేటి రోశయ్య, నలుగురు ముఖ్యమంత్రులు పాత గుంటూరు జిల్లావాళ్లే. ఇందులో భాస్కరరావు పదవి నెల రోజుల ముచ్చట.

తిండి దగ్గర ఇక్కడివాళ్లకు రాజీ లేదు. సాయంత్రం బండి మీద మిరపకాయ బజ్జీ కోసి ఉల్లిపాయ కూరి నిమ్మకాయ పిండుతారు. పులిబొంగరాలు ఇంకో బండి మీద. మాట పెళుసు, గొంతు పెద్దది. ఇద్దరు పలకరించుకుంటుంటే బయటూరివాళ్లు తగాదా అనుకుంటారు.

చదువుల పేట

గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో వచ్చింది. ప్రభుత్వ మహిళా కళాశాల, హిందూ కాలేజీ, జేకేసీ కాలేజీ ఒక్కోటి ఒక్కో కాలంలో నిలబడ్డాయి. నంబూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో. ఇవన్నీ ఒక ఎత్తు, ట్యుటోరియల్ ఒక ఎత్తు. 1977లో లావు రత్తయ్య గుంటూరులో విజ్ఞాన్ మొదలుపెట్టాడు. ఎంసెట్ వచ్చాక గదిలో నడిచే ట్యూషన్ హాస్టలున్న కాలేజీ అయింది, ఆపైన విశ్వవిద్యాలయం దాకా పోయింది. తెల్లారి నాలుగింటికి లేపి చదివించే రెసిడెన్షియల్ పద్ధతికి రాష్ట్రంలో పెద్ద ప్రయోగశాల గుంటూరు, విజయవాడల మధ్య నేలే. దాని లాభం డాక్టర్లు, ఇంజనీర్లు. దాని ఖరీదు కట్టింది పదిహేనేళ్ల పిల్లలు. అది ఏ ప్రాస్పెక్టస్‌లోనూ ఉండదు.

బ్రాడీపేట వాటా ఇందులో వేరు. ఇంటరు పిల్లలు ఊరి బయటి క్యాంపస్‌లకు పోయాక ఈ లైన్లు డిగ్రీ అయినవాళ్లవయ్యాయి. డీఎస్సీ, గ్రూప్స్, బ్యాంకు, రైల్వే, కానిస్టేబులు. నోటిఫికేషన్ పడితే వారంలో హాస్టళ్లు నిండుతాయి. పడకపోతే మెస్ నడిపేవాళ్లకు దిగులు. ఒక గదిలో ముగ్గురు నలుగురు, గోడ మీద భారత రాజ్యాంగం చార్టు, కిటికీకి ఆరేసిన బట్టలు, మంచం కింద ఇంటి నుంచి వచ్చిన కారప్పొడి డబ్బా. రాత్రి పదకొండింటికి కూడా జిరాక్సు షాపులో మెటీరియల్ తీస్తూనే ఉంటారు. వీళ్లలో చాలామంది కౌలురైతుల, కూలీల బిడ్డలు. డబ్బున్న రైతు బిడ్డ ఈసరికి అమెరికాలో ఎంఎస్ చదువుతుంటాడు. వీసా కోసం, ఫీజు కోసం అమ్మిన రెండెకరాల కథ ఈ జిల్లాలో వీధికొకటి దొరుకుతుంది. హేయర్ వచ్చిన దారినే, ఎదురు దిక్కున.

ఇప్పటి నగరం

2015 అక్టోబరు 22న అమరావతి రాజధానికి శంకుస్థాపన జరిగాక గుంటూరులో భూమి ధర, అద్దె ఒక్కసారి లేచాయి. 2019 తర్వాత పడ్డాయి. 2024 తర్వాత మళ్లీ కదిలాయి. హైకోర్టు అరవై ఏళ్లకు ఈ జిల్లాకు తిరిగొచ్చింది గానీ గుంటూరుకు కాదు, నేలపాడుకు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు, బాపట్ల విడిపోయి గుంటూరు జిల్లా చిన్నదైంది. మిరప పండే ఊళ్లు ఎక్కువగా పల్నాడు పాలయ్యాయి, మిరపయార్డు గుంటూరులో ఉండిపోయింది. బండ్లు మాత్రం పాత దారినే వస్తున్నాయి.

నగరం కృష్ణ నీళ్లే తాగుతుంది, తక్కెళ్లపాడు నుంచి శుద్ధి అయి వస్తాయి. గొట్టాలు పాతవి, వాటి పక్కనే మురుగుకాలవలు. 2018 మార్చిలో పాతగుంటూరు ఆనందపేట, ఆ చుట్టుపక్కల కుళాయి నీళ్లలో మురుగు కలిసి అతిసారం సోకింది. ఎందరో ఆసుపత్రి పాలయ్యారు, పలువురు చనిపోయారు. భూగర్భ మురుగునీటి పథకం అప్పటికే మొదలై ఉంది. తవ్విన రోడ్లు తవ్వినట్టే చాలాకాలం మిగిలాయి.